‘నీతో ఒక మాట’

మూడేళ్ల క్రితం నేను పెట్టిన ఒక్క వాట్సాప్ మెసేజ్‌తో ఓ ఫ్రెండ్ మా చర్చి యూత్ గ్రూప్‌లోంచి వెళ్లిపోయాడు. అందులో తిట్లేమీ లేవు. ఉన్నది బైబిల్ వచనమే.

వాడు నెలన్నరగా ఆదివారాలు రావట్లేదు. అందరూ కలిసి కూడుకోవడం మానొద్దని హెబ్రీ పత్రిక పదో అధ్యాయంలో ఉంది కదా, ఆ వచనం గ్రూప్‌లో పెట్టి వాడిని ట్యాగ్ చేశాను. ఇద్దరు ‘ఆమెన్’ అన్నారు. పది నిమిషాల్లో వాడు గ్రూప్‌లో లేడు. నేను మాత్రం నా బాధ్యత నెరవేర్చాననుకున్నా.

తర్వాత తెలిసింది, వాడి ఉద్యోగం పోయిందని. ‘ఏం బ్రదర్, ఇప్పుడెక్కడ చేస్తున్నావ్?’ అని ఎవరైనా అడుగుతారేమోనని రూమ్‌లోనే ఉండిపోయాడట.

ఆఫీసులో నేను రోజూ కోడ్ రివ్యూ చేస్తాను. తప్పులా కనిపిస్తే ముందు ‘ఇలా ఎందుకు రాశారు?’ అని అడుగుతాం. జవాబు విన్నాక ఒక్కోసారి పొరపాటు మనదేనని తేలుతుంది. ఎవరిదో కోడ్‌కి ఇచ్చే ఆ మర్యాద నా ఫ్రెండ్‌కి ఇవ్వలేకపోయాను.

నా వంతు వచ్చినప్పుడు

కొన్నాళ్లకి నా వంతు వచ్చింది. చర్చిలో నేను గిటార్ వాయిస్తాను, పాటలు పాడిస్తాను. ఓ శనివారం ప్రాక్టీస్ మధ్యలో ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసింది. ‘ఎన్నిసార్లు చెప్పాలి, బిజీగా ఉన్నానని!’ అని గట్టిగా అరిచి కట్ చేశాను. మాతో పాటు పాడే ఒక అక్క అది వింది. అప్పుడేమీ అనలేదు. అందరూ వెళ్లాక బయట నా బైక్ దగ్గరికొచ్చింది.

‘తమ్ముడూ, నీతో ఒక మాట చెప్పాలి. ఇప్పుడు వింటావా, ఇంకోరోజు చెప్పనా?’

‘చెప్పక్కా’ అన్నాను.

‘రేపు పొద్దున మైక్‌లో పాడే గొంతు, ఇందాక అమ్మ విన్న గొంతు ఒకటేనా?’

చెవులు వేడెక్కాయి. ‘మీరు మీ ఇంట్లో ఎప్పుడూ అరవలేదా?’ అని నోటిదాకా వచ్చింది. నేను అనకముందే ఆమే అంది, ‘నేనూ మా అమ్మ మీద ఇలాగే అరిచేదాన్ని. ఇప్పుడు సారీ చెబుదామంటే ఆమె లేదు.’

ఆ రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. ‘తిన్నావా నాన్నా?’ అని తప్ప అమ్మ ఇంకేమీ అడగలేదు. వారం తర్వాత అక్క మళ్లీ అడిగింది, ‘అమ్మతో మాట్లాడుతున్నావా?’ అని. మాట అనేసి వదిలేయలేదు, నాతోనే ఉంది.

హెచ్చరిక అంటే వార్నింగా?

మన చర్చిల్లో ‘హెచ్చరిక’ అనగానే స్పీడ్ బ్రేకర్ ముందు బోర్డులా వినిపిస్తుంది. కొత్త నిబంధన గ్రీకులో ఉన్న మాట ‘పరకాలేయో’. పక్కకు పిలవడం అని దాని మూలార్థం. తెలుగు బైబిల్లో అదే మాట ఒకచోట ‘హెచ్చరించు’, ఇంకోచోట ‘ఆదరించు’, మరోచోట ‘బతిమాలు’ అయింది. పరిశుద్ధాత్మను పిలిచే ‘ఆదరణకర్త’ అనే పేరూ ఆ మూలం నుంచి వచ్చిందే. అంటే ఆదరణ లేని హెచ్చరిక సగం అనువాదమే!

అపొల్లో సంగతి చూడండి. ఎఫెసులో గొప్పగా బోధిస్తున్నాడు, కానీ అతనికి తెలిసింది యోహాను బాప్తిస్మం వరకే. అకుల, ప్రిస్కిల్ల అందరి ముందూ లేచి సరిదిద్దలేదు. అతన్ని తమతో తీసుకెళ్లి విడిగా వివరించారు. తప్పు చేసిన సహోదరుడితో ముందు ఒంటరిగా మాట్లాడమని యేసు చెప్పిందీ అదే. నీ కంట్లో దూలం సంగతి ముందు చూసుకోమన్నదీ ఆయనే.

అలాగని ఎప్పుడూ గుసగుసలే కాదు. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి తినడం మానేస్తే, పౌలు అందరి ముందే నిలదీశాడు. అక్కడ తప్పు అందరి ముందే జరిగింది, మిగతావాళ్లూ ఆ దారి పట్టారు. మా వాడి విషయం అలాంటిది కాదు.

జాన్ వెస్లీ 1738లో చిన్న చిన్న బృందాలకు నియమాలు రాశాడు. చేరేవాళ్లని ముందే అడిగేవారు, నీ తప్పులు నీకు చెప్పడం నీకిష్టమేనా అని. ‘ఇప్పుడు వింటావా?’ అని అక్క అడిగింది కూడా అలాంటి ప్రశ్నే.

ఆలస్యంగా ఒక సారీ

పోయినేడాది ఆ ఫ్రెండ్ రూమ్‌కి వెళ్లాను. వచనాలేవీ పట్టుకెళ్లలేదు. ‘ఆ రోజు గ్రూప్‌లో పెట్టకుండా నీకు ఫోన్ చేయాల్సింది. తప్పు నాదే రా’ అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, ‘ఆ నెలంతా ఎవడైనా ఒక్కడు ఫోన్ చేస్తాడేమోనని చూశాన్రా’ అన్నాడు.

వాడు ఇంకా చర్చికి రావట్లేదు. ఆదివారం సాయంత్రాలు ఇద్దరం కలిసి టీ తాగుతున్నాం. మొన్న వాడే అన్నాడు, ‘నీతో ఒక మాట చెప్పాలి, ఏమనుకోవుగా?’

ఫోన్ జేబులో పెట్టేసి, ‘చెప్పు రా’ అన్నాను.