అల్లుని కొండకు ప్రయాణము

తెలుగువారి ఇండ్లలో తిరుపతి ప్రయాణము మ్రొక్కుబడితో మొదలగును. శ్రీశైల ప్రయాణము చుట్టరికముతో మొదలగును. ఉగాదికి కన్నడ సీమనుండి కాలినడకన వచ్చు భక్తులకు భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు, మల్లికార్జునుడు అల్లుడు. అందుచేత పుట్టింటివారు తెచ్చునట్లే చీర, రవిక, పసుపు కుంకుమలు మూటగట్టుకొని వత్తురు. నల్లమలలోని చెంచుల మాట వేరు. స్వామి వేటకు వచ్చి తమ పిల్లను వలచి పెండ్లాడెననియు, కనుక ఆయన తమకే అల్లుడనియు వారి వాదము. వారికాయన చెంచు మల్లయ్య. ఒక్క అల్లునికై రెండు అత్తవారిండ్లు పోటీపడుట స్వామికి ఇబ్బందిగా నున్నట్లు ఎవరును చెప్పలేదు.

పిల్లలతో, ముసలివారితో బయలుదేరిన కుటుంబమునకు నేడు ఈ ప్రయాణములో పెద్ద కష్టము లేదు. దోర్నాల దాటిన తరువాత సుమారు 50 కిలోమీటర్ల అడవిదారి. మలుపుల వద్ద పిల్లలకు కడుపులో త్రిప్పును. అమ్మమ్మ నిమ్మకాయ వాసన చూపించును. ప్రొద్దుపోయిన తరువాత మాత్రము దారి సాగదు. 1983లో ఈ అడవి పులుల రక్షణకు ప్రత్యేకింపబడినది. రాత్రివేళ దారి పులులది, పగలు మనుష్యులది. ఆ పంపకము న్యాయమైనదే.

పూర్వము ఇట్లు కాదు. ఆత్మకూరు దిక్కునుండి వచ్చువారు వెంకటాపురము వద్ద అడవిలో దిగి, నాగలూటి, పెద్దచెరువు మీదుగా భీముని కొలను లోయను చేరి, ఆ లోయలోనికి దిగి మరల ఎక్కి కైలాసద్వారము చేరవలెను. శ్రీశైలమునకును అహోబిలమునకును మెట్లు కట్టించెనను కీర్తి 14వ శతాబ్దిలో రెడ్డిరాజ్యమును స్థాపించిన ప్రోలయ వేమారెడ్డిది. 1677లో శివాజీ ఈ క్షేత్రమునకు వచ్చెను. 1830లో చెన్నపట్టణమునుండి కాశికి పరివారముతో బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య త్రోవలో శ్రీశైలము చూచి, ఆ వివరములు తన కాశీయాత్ర చరిత్రలో వ్రాసిపెట్టెను. అడవిలో దారి తెలిసినవారు చెంచులే; యాత్రికులకు కాపుగా నడచినవారును వారే. అల్లుని చూడవచ్చిన వారిని దారితప్పనీయకుండుట అత్తవారి మర్యాద గదా! శివరాత్రికి ఆ దారిన నడచి వచ్చువారు నేటికిని కలరు. కారు గల ఇంటివారు సైతము పెద్దల మ్రొక్కు తీర్చుటకు ఆ మెట్లెక్కుచుందురు.

కొండమీద కుటుంబము మొదట ఆగునది సాక్షిగణపతి వద్ద. ఆయన చేతిలో గంటము, పుస్తకము ఉండును. వచ్చినవారి పేరు, గోత్రము వ్రాసికొని, వీరు నిజముగా వచ్చిరని కైలాసములో సాక్ష్యము చెప్పునట. అమ్మమ్మ పిల్లలను ముందునకు త్రోసి, "గట్టిగా చెప్పండిరా, ఆయనకు వినపడాలి" అనును. రోజూ హాజరుపట్టీ తెరచు ఉపాధ్యాయునకు ఈ దేవునిపై ప్రత్యేకాభిమానము కలిగిన వింత లేదు. శిఖరేశ్వరము వద్ద నంది కొమ్ముల నడుమనుండి ఆలయశిఖరమును చూడవలెను. చూచినవారికి పునర్జన్మ లేదందురు. తండ్రి పిల్లను ఎత్తి పట్టుకొని "కనపడిందా అమ్మా?" అని అడుగును. అడవియంతయు పచ్చగా కనబడుచుండగా అందులో శిఖరమేదో తెలియకపోయినను, పిల్ల కనపడినదనియే చెప్పును.

దర్శనమైన వెంటనే తిరుగు ప్రయాణమునకు తొందరపడు కుటుంబములే హెచ్చు. అది పొరపాటు. ఆలయప్రాకారపు వెలుపలి గోడ ఒక పెద్ద బొమ్మల పుస్తకము. రాతిపై వరుసలు వరుసలుగా ఏనుగులు, గుఱ్ఱములు, వేటకాండ్రు. నడుమ శివునితో పోరు అర్జునుడు, కన్ను పెకలించి ఇచ్చుచున్న కన్నప్ప. అక్షరములు రాని యాత్రికుడు పురాణమును చదువుకొన్నది ఈ గోడమీదనే. పిల్లలను వెంటబెట్టుకొని వచ్చిన ఉపాధ్యాయుడు క్యూలో గడపిన సమయములో సగమైన ఇచ్చట గడపవలెను.

పాతాళగంగ కథ కొంత బరువైనది. కృష్ణకు ఇచ్చట ఆ పేరు. మెట్లు దిగలేని వృద్ధులకు ఇప్పుడు తీగదారి కలదు. అయితే వారు మునుగు నీరు ఒకనాటి ప్రవాహము కాదు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆనకట్ట 1980 ప్రాంతమున పూర్తి కాగా, ఎగువన ఎన్నో ఊళ్లు మునిగిపోయినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి ఆలంపురమునకు తరలించిరి. సప్తనదీ సంగమమునగల మఱియొక సంగమేశ్వరుడు తరలలేదు. నీరు తగ్గిన వేసవిలో మాత్రమే బయటపడును. అప్పుడు చుట్టుప్రక్కలవారు పడవలలోను, బురదలో నడచియు దర్శనమునకు పోవుదురు. వారిలో కొందరికి అది తాతలనాటి ఊరిని చూచివచ్చు యాత్ర కూడ. గుడులకు క్రొత్త చోటు దొరికినంత సులభముగా మనుష్యులకు దొరకలేదు.

శివరాత్రినాటి అర్ధరాత్రి చూడదగిన వింత మఱియొకటి కలదు. ఒక నేతకారుడు ఏడాదిపొడవున, దినమున కొక మూర చొప్పున నియమముతో నేసిన పొడవైన వస్త్రమును తెచ్చును. అది పెండ్లికొడుకు మల్లన్నకు తలపాగ. ఆలయములోని దీపములన్నియు ఆర్పివేయుదురు. ఆ చీకటిలో నేతకారుడు దిగంబరుడై విమానమెక్కి, శిఖరమునుండి ముఖమండపము మీది నందుల వరకు ఆ పాగను చుట్టును. క్రింద లక్షలాది జనము. ఎవరికిని ఏమియు కనబడదు. అప్పటికి పిల్లలు తండ్రుల భుజములపై నిద్రపోవుచుందురు. అమ్మమ్మలు మాత్రము మేలుకొని యుందురు. దీపములు మరల వెలుగునప్పటికి పెండ్లికొడుకు సిద్ధము.