బారాత్‌లో క్లారినెట్, కరవది సన్నాయి: రెండు గొట్టాల కథ

గుంటూరులో బారాత్ వెళ్తుంటే బ్యాండు వాళ్లలో ఒకరి చేతిలో నల్లటి గొట్టం, దాని నిండా వెండి రంగు మీటలు కనిపిస్తాయి. అది క్లారినెట్. దూరం నుంచి వినేవాళ్లు చాలామంది దాన్నీ సన్నాయినీ ఒకే గాటన కట్టేస్తారు. కానీ రెండిటి పుట్టుకా వేరు, పనితీరూ వేరు. ఒకటి వాయించినవాడు రెండోది పట్టుకుంటే దాదాపు మొదటి నుంచి నేర్చుకోవాల్సిందే.

క్లారినెట్ పుట్టింది జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో, 1700 ప్రాంతంలో. యోహాన్ క్రిస్టోఫ్ డెన్నర్ అనే వాద్యాల తయారీదారు దాన్ని తయారు చేశాడని చెబుతారు. అంతకు ముందు షాలుమో అనే చిన్న వాద్యం ఉండేది. ఒకే రెల్లు నాలుక, సమానమైన లావుండే గొట్టం. కింది స్థాయి స్వరాలు బాగానే పలికేవి, పైకి వెళ్లడమే కష్టం. డెన్నర్ గొట్టానికి మీటలు పెట్టి పై స్థాయిని తెరిచాడు. పై స్వరాలు అప్పటి బాకాలా మోగేవి. అందుకే ఆ పేరుకు చిన్న బాకా అనే అర్థం.

అసలు ఇబ్బంది ఇక్కడే మొదలైంది. సన్నాయి గొట్టం పైన సన్నగా, కింద వెడల్పుగా ఉంటుంది. గట్టిగా ఊదితే అదే స్వరం పై స్థాయిలో పలుకుతుంది, సా నుంచి పై సా. కాబట్టి ఏడు రంధ్రాలతో పని జరిగిపోతుంది. క్లారినెట్ అలా కాదు. సా పట్టి పైకి దూకిస్తే ఏకంగా పై స్థాయి పా దగ్గర తేలుతుంది. మధ్యలో మిగిలిన స్వరాలకి వేళ్లు చాలవు, మీటలు కావాలి. అందుకే మొదట రెండు మీటలుంటే, 1791లో మొజార్ట్ ఈ వాద్యం కోసం కచేరీ రాసేనాటికి ఐదారు వచ్చాయి. 1812 ప్రాంతంలో ఇవాన్ మ్యూలర్ 13 మీటలు చేశాడు, గాలి పోకుండా తోలు మెత్తలూ అమర్చాడు. పారిస్‌లో క్లోజే, బుఫే కలిసి 1839 నుంచి 1843 మధ్య తయారు చేసిన పద్ధతే ఇప్పుడు ఎక్కువ చోట్ల వాడుకలో ఉంది.

మీట పెరిగిన కొద్దీ రిపేరు ఖర్చూ పెరుగుతుంది, ఆ లెక్క బ్యాండు వాళ్లకి బాగా తెలుసు. సన్నాయికి ఆ బాధ లేదు. శ్రుతి సరిచేయడానికి అడుగున ఉన్న రంధ్రాల్లో కాస్త మైనం పెడితే సరి.

క్లారినెట్ మన దేశానికి బ్రిటిష్ పటాలాల బ్యాండులతో వచ్చింది. దక్షిణాదిలో పంతొమ్మిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానానికి చెందిన మహాదేవ నట్టువనార్ దాన్ని మన సంగీతంలోకి తెచ్చాడంటారు. నాట్య మేళాల్లో ముఖవీణ పోయి ఆ స్థానంలో ఇది కూర్చుంది. కానీ గమకం దగ్గర చిక్కు వచ్చింది. సన్నాయిలో రెండు రెల్లు పొరలు పెదవుల మధ్య నలుగుతాయి, రంధ్రాన్ని వేలితో సగం మూసి స్వరాన్ని జార్చవచ్చు. మీట అయితే తెరిచి ఉంటుంది, లేదా మూసి ఉంటుంది. ఆ గొట్టంతోనే గమకాలు పలికించిన తిరుచ్చి విద్వాంసుడు ఎ.కె.సి. నటరాజన్‌కి 2008లో సంగీత కళానిధి దక్కింది.

అదే కావేరికి అవతలి ఒడ్డున, శ్రీరంగంలో, మన ఒంగోలు పక్క కరవది బిడ్డ స్థిరపడ్డాడు. షేక్ చిన మౌలానా సాహెబ్ 1924లో పుట్టేనాటికి కరవది గుంటూరు జిల్లాలోనే ఉండేది. పత్తి పండే ఈ నేల మీద దూది ఏకే వృత్తి ఉన్న దూదేకుల ఇళ్లలో సన్నాయి కూడా తరాలుగా వస్తోంది. ఆయన తండ్రి దగ్గర మొదలుపెట్టి, చిలకలూరిపేట సంప్రదాయం నేర్చి, తర్వాత తంజావూరు బాణీ కోసం నాచ్చియార్‌కోయిల్ విద్వాంసుల్ని ఆశ్రయించాడు. ముస్లిం అయి ఉండి గుళ్లలో ఊదాడు, గుడివాళ్లే పిలిచి మరీ ఊదించుకున్నారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి వచ్చాయి. 1999లో కన్నుమూశాడు. ఆయన దగ్గర నేర్చుకున్న షేక్ మహబూబ్ సుభానీ, కాలేషాబీ దంపతులకి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని సన్నాయి వాయిస్తారు.