కాలువ గట్టుకు తారు వద్దు

గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ నీటిని డెల్టాకు పంచడానికి ఆర్థర్ కాటన్ తలపెట్టిన కాలువలు పొలాలకే కాదు, పడవలకు కూడా. ధాన్యం, కలప, మనుషులు అన్నీ పడవల మీదే సాగేవి. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. తాడు పట్టుకుని నడిచేవాడికి తెగకుండా సాగే గట్టు కావాలి, పడవకు నెమ్మదిగా పారే నీరు కావాలి. అందుకే ఆ కాలువలకు వాలు చాలా తక్కువ. ఎత్తు తేడా వచ్చినచోట లాకులు కట్టి నీటిని ఒక మెట్టు దించారు. రైళ్లూ లారీలూ వచ్చాక పడవలు పోయాయి, గట్లు మిగిలాయి. గ్రావెల్ సైక్లింగ్ పేరుతో ఇవాళ అనేక దేశాల వాళ్లు వెతుక్కుంటున్న దారి, అంటే చదునుగా, మోటారు బండ్ల రద్దీ లేకుండా, మట్టీ కంకరా కలిసి, పక్కనే నీళ్లున్న దారి, మన డెల్టాలో నూట డెబ్బై ఏళ్ల కిందటి నుంచే ఉంది. దాన్ని సైకిలు దారిగా గుర్తించాలి, మట్టిదారిగానే ఉంచాలి. ప్రతి గట్టుకూ తారో సిమెంటో వేస్తేనే అభివృద్ధి అనుకోవడం పొరపాటు.

గ్రావెల్ సైకిలు చూడడానికి రేసు సైకిలు లాగే ఉంటుంది, హ్యాండిల్ కిందికి వంగి ఉంటుంది. తేడా అంతా చక్రంలోనే. రేసు సైకిలు టైరు వెడల్పు 25 నుంచి 28 మిల్లీమీటర్లయితే, దీని టైరు 40 దాకా, ఒక్కోసారి 50 దాకా ఉంటుంది. వెడల్పు ఎక్కువ కాబట్టి గాలి బాగా తగ్గించి నడపవచ్చు. 35 పీఎస్‌ఐ దగ్గర ఉంచితే కంకరరాయి తగిలినప్పుడు చక్రం ఎగిరిపడదు. టైరు రాయి మీద కాస్త నొక్కుకుని దాటిపోతుంది. చేతులకు, నడుముకు అదరడం తగ్గుతుంది. అమెరికాలోని కాన్సస్‌లో ఎంపోరియా అనే చిన్న ఊరి చుట్టుపక్కల పొలాల దారుల్లో 2006లో మొదలైన పందెం ఇవాళ ఈ ఆటకు పెద్ద పండగ. 2022లో తొలి ప్రపంచ గ్రావెల్ పోటీలు ఇటలీలోని వెనెటోలో జరిగాయి. అదీ నదులూ కాలువలూ అల్లుకున్న ప్రాంతమే. మన దగ్గర పాలక్యాన్లు తగిలించుకుని, గడ్డిమోపులు కట్టుకుని మామూలు సైకిళ్లు ఈ గట్ల మీదే తిరిగాయి, ఇంకా తిరుగుతున్నాయి. కాబట్టి లక్ష రూపాయల సైకిలు ఉంటేనే అన్న షరతేమీ లేదు. కాస్త లావు టైరున్న ఏ సైకిలైనా చాలు.

మట్టిగా ఎందుకు ఉంచాలి అన్న ప్రశ్నకు వాషింగ్టన్ పక్కన ఒక పాత జవాబుంది. పొటోమాక్ నది వెంట జార్జిటౌన్ నుంచి కంబర్లాండ్ దాకా సుమారు 297 కిలోమీటర్ల కాలువ ఉంది. గట్టు మీద కంచరగాడిదలు పడవలు లాగిన కాలువ అది. 1924లో మూతపడింది. ఆ గట్టును కార్ల రోడ్డుగా మార్చాలని ప్రతిపాదన వచ్చింది. 1954లో దాన్ని సమర్థిస్తూ ‘వాషింగ్టన్ పోస్ట్’ సంపాదకీయం రాస్తే, సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ ఆ సంపాదకులను తనతో పాటు గట్టంతా నడిచి చూడమని పిలిచాడు. వాళ్లు వచ్చారు, చూశాక అభిప్రాయం సడలించుకున్నారు. 1971లో కాలువ మొత్తం జాతీయ చారిత్రక పార్కు అయింది. ఇప్పుడు కార్లు లేని ఆ గట్టు మీద దేశ విదేశాల వాళ్లు రోజుల తరబడి సైకిలు తొక్కుతూ, దారిలోని చిన్న ఊళ్లలో తిని పడుకుంటున్నారు. రోడ్డు వేసి ఉంటే ఆ ఊళ్లు కారు అద్దంలోంచి గంటలో దాటిపోయేవి.

సైకిళ్లవాళ్ల సరదా కోసం పల్లెలకు రోడ్డు వద్దంటారా అని ఎవరైనా నిలదీయవచ్చు. న్యాయమైన ప్రశ్న. బడికీ ఆస్పత్రికీ మంచి రోడ్డు కావలసిందే, అందులో రాజీ లేదు. అయితే కాలువకు గట్లు రెండు. డెల్టాలో చాలాచోట్ల ఒక గట్టు మీద తారురోడ్డు ఇప్పటికే ఉంది. అడుగుతున్నది రెండో గట్టు గురించి. పైగా ఇవి మట్టికట్టలు. రోడ్డు పడితే చేపల లారీ వస్తుంది, మట్టి టిప్పరు వస్తుంది. ఆ బరువుకు అంచు కుంగి, కాలువ నిండుగా పారే రోజుల్లో గండి భయం పట్టుకుంటుంది. 1986 ఆగస్టు వరదలో ఏటిగట్లకు గండ్లు పడి కోనసీమ ఎంత నష్టపోయిందో ఆ తరం మరిచిపోలేదు. కాలువ గట్టు వేరు, ఏటిగట్టు వేరు, నిజమే. కానీ కట్టలో పట్టు తగ్గితే నీరు చేసే పని రెండుచోట్లా ఒకటే.

వాన పడితే రేగడి మట్టిలో సైకిలు కదులుతుందా? కదలదు. జిగురు మట్టి టైరుకు చుట్టుకుని ఫోర్కు సందులో పేరుకుంటే చక్రం తిరగడమే మానేస్తుంది, పుల్లతో గీకి ముందుకు తోసుకోవాలి. కాబట్టి ఇది ఏడాది పొడుగునా తెరిచి ఉండే దారి కాదు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా నేల గట్టిపడి, కాలువలో నీళ్లుండి, దాళ్వా నాట్లు పడుతున్న కాలం దీనికి అనువు. ఆ మొదటి వారాల్లో సార్వా ధాన్యం బరకాల మీద ఆరబోసి ఉంటుంది. అక్కడ దిగి నడిపించుకుని వెళ్లాలి, దారి రైతుది. లోతైన కాలువ పక్కన అడ్డుకట్ట లేని దారి పిల్లలకు ప్రమాదమే. మలుపుల దగ్గరా లాకుల దగ్గరా కంచె వేయాలి, చీకటి పడ్డాక వెళ్లకూడదు. ఈ జాగ్రత్తలు పాటిస్తే బొబ్బర్లంక దగ్గర బయల్దేరి ఆత్రేయపురం మీదుగా లొల్ల లాకులకూ, అక్కణ్ణుంచి గన్నవరంలో వైనతేయ మీద కాలువనే నదిని దాటించే డొక్కా సీతమ్మ అక్విడక్టుకూ సాగే దారి ఈ దేశంలో ఏ సైకిలు దారికీ తీసిపోదు.

కొల్లేరు సంగతి వేరు. గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ ఉన్న ఈ సరస్సుకు బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెస్తే, మిగులు నీరు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. చదునైన గట్లు ఇక్కడ లెక్కలేనన్ని కనిపిస్తాయి, సైకిలుకు భలే ఉంటాయి. కానీ వాటిలో చాలావరకు చేపల చెరువుల గట్లు; 2006లో ప్రభుత్వమే కూల్చిన తరువాత కూడా మళ్లీ లేచినవి అందులో ఉన్నాయి. సరస్సు లోపల ఉండకూడని గట్టును పర్యాటక దారిగా పటంలో గీస్తే ఆక్రమణకు గౌరవం తెచ్చిపెట్టినట్టే. అందుకే అభయారణ్యం లోపలి చెరువు గట్ల మీద దారి వద్దు. ఏలూరు కాలువ వెంట వచ్చి, సరస్సు అంచున ఇప్పటికే ఉన్న ఊరి దారులతో సరిపెట్టుకోవాలి. సైకిలుకు చప్పుడు లేదు కాబట్టి పక్షులకు ఇబ్బంది లేదనే మాటా ఒప్పుకోలేను. పక్షి బెదిరేది చప్పుడుకే కాదు, దగ్గరికొచ్చే మనిషి ఆకారానికి కూడా. సరస్సు దగ్గరి ఆటపాకలో గూడబాతులు గూళ్లు పెట్టే నెలలూ సైకిలుకు అనువైన నెలలూ ఒకటే. గుంపు చిన్నదైనా గూళ్లకు దూరంగానే ఆగాలి.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇంకొకటుంది. సెంటు భూమి లేని కుటుంబాలు ఎన్నో ఈ గట్ల మీదే ఇళ్లు వేసుకున్నాయి. సైకిలు దారి పేరు చెప్పి వాళ్లను లేపేస్తారేమో అన్న భయం ఊరికే పుట్టింది కాదు. ఇళ్లున్నచోట దారి గట్టు దిగి, ఊరి పుంతలోకి మళ్లి, ముందుకెళ్లి మళ్లీ గట్టెక్కాలి. ఒక్క పాక తీయవలసి వచ్చినా ఆ ముక్క పటంలో ఉండకూడదు. ఖర్చు విషయానికొస్తే, ఏటా వేసవిలో కాలువలు కట్టేసి మరమ్మతులు చేస్తారు. పూడిక తీసిన మట్టి గట్టు మీదే పోసి కుప్పలుగా వదిలేయడం మామూలు. ఆ కుప్పలను చదును చేయించి, మెత్తగా ఉన్నచోట పైన కంకర పోయించడానికి ఆ వారాలు చాలు. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలకు తమ పరిధిలో ఏ గట్టు ఎక్కడ కుంగిందో ముందే తెలుసు. సైకిలు దారి పటం కూడా వాళ్ల చేతనే గీయించాలి.