చప్పుడు తక్కువ... గాలి ఎక్కువ!

స్నానాలగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే కొందరిళ్లు రైస్‌మిల్లులే! హాల్లో టీవీ వినపడదు. పడుకున్న పసివాడు ఉలిక్కిపడి లేస్తాడు. "ముందు ఆ రొద కట్టెయ్యమ్మా" అని అత్తగారు కేకేస్తారు. అంతే... స్విచ్ ఆపేస్తాం. ఆనక ఆ ఫ్యాన్ ఉన్నా లేనట్టే. గోడ మూలల్లో నల్లగా బూజు పడుతుంది. పెయింట్ పెచ్చులూడుతుంది. తలుపు చెక్క ఉబ్బి గడియ పడదు. ఇంట్లో ఉబ్బసం ఉన్నవాళ్లుంటే ఆ చెమ్మ, ఆ బూజు మరీ చేటు. అందుకే చప్పుడు చేయని ఫ్యాన్ కావాలనుకోవడం దర్జా కోసం కాదు. మోత మోగే ఫ్యాన్‌ని ఎవరూ వేయరు, వేయని ఫ్యాన్ గాలిని బయటికి పంపదు.

బయటి గోడ, కిటికీ లేని బాత్రూమ్‌లు ఇప్పుడు అపార్ట్‌మెంట్లలో మామూలైపోయాయి. అలాంటి గదులకు పనికొచ్చేది ఇన్‌లైన్ డక్ట్ ఫ్యాన్. పేరు కొత్తగా ఉన్నా సంగతి తేలికే. గోడ ఫ్యాన్ మన చెవి పక్కనే తిరుగుతుంది. ఇది ఫాల్స్ సీలింగ్ పైన, గాలి పోయే పైపు మధ్యలో ఉంటుంది. గదిలోకి కనిపించేది చిన్న జాలీ మాత్రమే. మోటారు దూరంగా ఉంటే రొదా దూరమేగా!

ఎంత ఫ్యాన్ కావాలి?

దుకాణం వాడు చెప్పిందే వేదమనుకోకండి. టేపుతో గది కొలవండి. 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు, 9 అడుగుల ఎత్తు ఉన్న బాత్రూమ్‌లో 315 ఘనపుటడుగుల గాలి ఉంటుంది. ఆ గాలి గంటకు 8 సార్లు మారాలనుకుంటే 2,520 ఘనపుటడుగులు. 60తో భాగిస్తే నిమిషానికి 42. పెట్టె మీద సీఎఫ్ఎం అని రాసేది ఈ అంకెనే. కొన్ని కంపెనీలు గంటకు ఘనపు మీటర్లలో రాస్తాయి. దాన్ని 1.7తో భాగిస్తే సీఎఫ్ఎం వస్తుంది.

అయితే పెట్టె మీది అంకె సాధారణంగా పైపు తగిలించకుండా కొలిచింది. పైపు, వంపులు, జాలీ కలిసేసరికి గాలి తగ్గుతుంది. కనుక 42 కావలసిన చోట 70, 80 ఉన్నది తీసుకోండి. పైపు పొడవైతే 'మిక్స్‌డ్ ఫ్లో' రకం అడగండి. మామూలు రెక్కల రకం పొడవాటి పైపులో గాలిని గట్టిగా నెట్టలేదు.

చప్పుడు సంగతి...

డెసిబెల్స్ అంకె చూడండి. 10 డెసిబెల్స్ పెరిగితే చెవికి మోత దాదాపు రెట్టింపైనట్టుంటుంది. ఒక కంపెనీ మీటరు దూరంలో, మరొకటి 3 మీటర్ల దూరంలో కొలిచి రాయవచ్చు. దూరం ఒకటే అయితేనే పోల్చండి. చిన్న ఫ్యాన్‌ని పూర్తి వేగంతో తిప్పడం కన్నా కాస్త పెద్దదాన్ని నెమ్మదిగా తిప్పితే చప్పుడు తగ్గుతుంది. రెండు స్పీడ్‌లున్నది దొరికితే మంచిది. అన్ని మోటార్లకూ సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ పనికిరాదు, కొన్ని జుయ్‌మంటూ మోగుతాయి. కొనేముందే అడగండి.

ఎక్కువ కాలం మన్నాలంటే బాల్ బేరింగ్ మోటారు మేలు. సముద్రపుగాలి తగిలే విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లలో రేకు బాడీ తుప్పు పడుతుంది, ప్లాస్టిక్ బాడీ నయం. కరెంటు గురించి బెంగ వద్దు. 25 వాట్ల ఫ్యాన్ రోజుకు 2 గంటలు తిరిగినా నెలకు ఒకటిన్నర యూనిట్లే.

బిగించడంలోనే ఉంది!

ఎంత ఖరీదైన ఫ్యాన్ తెచ్చినా బిగింపు సరిగా లేకపోతే గోల తప్పదు. ఎలక్ట్రీషియన్ పక్కన నిలబడి ఇవి చూసుకోండి.

* ఫ్యాన్‌ని స్లాబుకు నేరుగా బిగించకుండా మధ్యలో రబ్బరు వాషర్లు వేయించండి. లేకపోతే అదురు గోడలకెక్కుతుంది.

* 6 అంగుళాల ఫ్యాన్‌కి 4 అంగుళాల పైపు పెడితే గాలి తగ్గుతుంది, ఈల మోగుతుంది. రెండూ ఒకే సైజు ఉండాలి.

* పైపు వీలైనంత పొట్టిగా, నున్నగా, వంపులు తక్కువగా ఉండాలి. మడతల పైపు వాడితే సాగదీసి బిగించాలి.

* పైపు బయటివైపుకి కాస్త వాలుగా ఉంటే లోపల చేరిన నీటిబొట్లు మోటారు మీదికి రావు.

* బయటి చివర మూతరెక్క ఉంటే పక్కింటి వాసనలు, బొద్దింకలు తిరిగి రావు. పైపు బయటికే తెరుచుకోవాలి, ఫాల్స్ సీలింగ్ పైన వదిలేయకూడదు.

* మోటారు ఉన్నచోట ఫాల్స్ సీలింగ్‌కి చిన్న తలుపు పెట్టించండి. రేపు రిపేరొస్తే సీలింగ్ పగలగొట్టే పనుండదు.

రెండు జాగ్రత్తలు

మొదటిది వంటింటి గురించి. బాగా కాగిన నూనెలో వేయించేటప్పుడు వచ్చే పొగ క్యాన్సర్ కారకం కావచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2010లో ప్రచురించింది. ఆ పొగ బయటికి పోవాల్సిందే. కానీ బాత్రూమ్‌కి తెచ్చిన ఇన్‌లైన్ ఫ్యాన్‌ని పొయ్యి మీద పెట్టకండి. వేడికి, జిడ్డుకి మోటారు పాడవుతుంది. పైపులో పేరుకున్న నూనె అంటుకునే ప్రమాదమూ ఉంది. అక్కడికి జిడ్డు పట్టే ఫిల్టరున్న చిమ్నీయే సరి.

రెండోది ప్రాణాల మీదికి తెచ్చేది. మూసిన బాత్రూమ్‌లో గ్యాస్ గీజర్ ఉంటే ఫ్యాన్ ఉందిగా అని ధీమా పడకండి. గీజర్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, మనిషి తెలియకుండానే స్పృహ తప్పుతారు. పైగా లోపలికి గాలి వచ్చే దారి లేని గదిలో గట్టి ఫ్యాన్ తిరిగితే, పొగగొట్టంలోంచి ఆ వాయువునే వెనక్కి లాగవచ్చు. గ్యాస్ గీజర్ స్థానం బాత్రూమ్ బయట, గాలి ఆడే చోటే.

చివరగా ఒక చిన్న పరీక్ష. ఫ్యాన్ వేసి, తలుపు మూసి, జాలీ దగ్గర పల్చని టిష్యూ కాగితం పెట్టండి. అతుక్కుని నిలిచిందా, గాలి లాగుతున్నట్టే. తలుపు తీస్తే నిలిచి, మూస్తే జారిపోతోందా? తప్పు ఫ్యాన్‌ది కాదు, లోపలికి గాలి రావడానికి దారి లేదు. తలుపు కింద ముప్పావు అంగుళం సందు వదిలిస్తే సరిపోతుంది. ఎలక్ట్రీషియన్‌ చేతిలో డబ్బులు పెట్టేముందే ఈ పరీక్ష చేయండి!