రుద్దగా రుద్దగా దుర్భిణి

మార్టూరు చుట్టుపక్కల ఏ గ్రానైట్ పాలిష్ షెడ్డులోకి తొంగిచూసినా ఒకటే వరస కనిపిస్తుంది. ముందు ముతక నంబరు కార్బోరండం, తర్వాత సన్నది, ఆ తర్వాత ఇంకా సన్నది. మధ్యలో ఆగకుండా నీళ్లు. ప్రతి నంబరు పనీ ముందుది పెట్టిన గీతలు చెరిపి, అంతకంటే చిన్న గీతలు పెట్టడమే. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ పలకలో చుక్కలు తళుక్కుమనడం ఈ వరస పూర్తయ్యాకే. శనిగ్రహం వలయాలను చూపించే టెలిస్కోపు అద్దం కూడా ఇదే పొడితో, ఇదే నీళ్లతో, ఇదే నంబర్ల వరసలో తయారవుతుంది. షెడ్డులో బల్లపరుపు కావాలి, అద్దానికి గుంట కావాలి, అంతే తేడా.

ఆ గుంట పడే తీరే ముచ్చటైనది. ఆరంగుళాల వెడల్పున్న రెండు గుండ్రటి గాజు బిళ్లలు తీసుకుంటారు. ఒకదాన్ని పీపా మీద కదలకుండా బిగించి, పొడి చల్లి, నీళ్లు చిలకరించి, రెండోదాన్ని దాని మీద పెట్టి ముందుకూ వెనక్కూ రుద్దుతారు. కాసేపటికోసారి పై బిళ్లను కొంచెం తిప్పాలి, మనిషి పీపా చుట్టూ ఒక అడుగు జరగాలి, మళ్లీ రుద్దాలి. పై బిళ్ల సగం బయటికి జారినప్పుడు ఒత్తిడంతా దాని నడిమధ్యన, కింది బిళ్ల అంచు మీద పడుతుంది. గాజు ఎక్కువగా అరిగేది అక్కడే. అందుకే పైది గుంటపడుతుంది, కిందిది ఉబ్బుతుంది.

గుంట ఏ ఆకారంలో రావాలో ఎవరూ కొలిచి చెక్కరు. రెండు ఉపరితలాలు ఎటు జరిపినా, ఎంత తిప్పినా సందు లేకుండా ఒకదాన్నొకటి అంటుకునే ఉండాలంటే అవి రెండూ ఒకే గోళంలో ముక్కలై ఉండాలి. జ్యామితి వాటికి ఇంకో దారి ఇవ్వలేదు. ఎక్కడైనా మిట్ట మిగిలితే పొడి ముందు దాన్నే కొరుకుతుంది. చేతి వణుకు, అలసట, పరధ్యానం అన్నీ వేల రాపిళ్ల సగటులో కలిసిపోతాయి. లేత్ లేదు, అచ్చు లేదు. రెండు చేతులూ ఓపికా ఉంటే చాలు, పనిముట్టు తన కొలతను తనే దిద్దుకుంటుంది.

నాలుగడుగుల నాభ్యంతరం (అద్దం నుంచి వెలుగు ఒక్కచోట చేరే బిందువు దాకా ఉన్న దూరం) రావాలంటే ఆరంగుళాల గాజుకు మధ్యలో 1.2 మిల్లీమీటర్ల లోతు చాలు. ఆ తర్వాత తారులాంటి పిచ్ మీద సీరియం ఆక్సైడ్ రాసి, గాజు నిగనిగలాడే దాకా రుద్దుతారు. ఆకారం సరిగా వచ్చిందో లేదో చూసే ఉపాయం ఫ్రాన్స్‌కు చెందిన లియోన్ ఫూకో 1850ల చివర కనిపెట్టాడు. దానికి ఒక చిన్న దీపం, ఒక బ్లేడు ఉంటే సరిపోతుంది. అద్దం వక్రతా కేంద్రం దగ్గర సూదిమొన వెలుగు పెట్టి, తిరిగొచ్చే కిరణాలను బ్లేడు అంచుతో మెల్లగా కోస్తారు. నిఖార్సైన గోళమైతే అద్దమంతా ఒక్కసారిగా మసకబారుతుంది. లేకపోతే అందులో కొండలూ లోయలూ నీడలతో సహా లేచి కనిపిస్తాయి. వెంట్రుక మందంలో వెయ్యో వంతు తేడాను కూడా ఆ బ్లేడు పట్టేస్తుంది. ఇన్ని హంగుల ప్రయోగశాలలు వచ్చాక కూడా ఇంటి దగ్గర అద్దం చేసుకునేవాళ్లు నమ్ముకునేది దీన్నే.

నిజానికి దూరపు నక్షత్రం కిరణాలన్నీ ఒకే బిందువుకు చేరాలంటే గోళాకారం చాలదు, పరావలయ ఆకారం కావాలి. ఆరంగుళాల అద్దానికి నాభ్యంతరం నాలుగడుగులుంటే ఆ రెంటికీ తేడా అత్యల్పం, గోళంతోనే సరిపెట్టుకోవచ్చు. నాభ్యంతరం తగ్గేకొద్దీ ఆ తేడా ఘనం లెక్కన పెరుగుతుంది. 114 మిల్లీమీటర్ల అద్దాన్ని 900 నుంచి 500 మిల్లీమీటర్ల నాభ్యంతరానికి కుదిస్తే దోషం దాదాపు ఆరు రెట్లవుతుంది. టెలిస్కోపును కానుకగా కొనేవారి జేబుకూ ఈ లెక్కకూ నేరుగా సంబంధం ఉంది.

అద్దానికి ముందు రాజ్యమేలింది కటకం. విశాఖపట్నంలో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత వేధశాల కట్టాడు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని అక్కడి ఆరంగుళాల కటకపు దుర్భిణితో గమనించాడు. జమీందారీ డబ్బూ సముద్రం దాటి వచ్చిన పనితనమూ లేకపోతే అలాంటిది దొరికేది కాదు. కటకంలో రంగులు విడిపోకుండా రెండు రకాల గాజులు జతచేయాలి, నాలుగు ముఖాలు సానపట్టాలి, గాజు లోపలంతా ఒకే తీరుగా ఉండాలి. అద్దానికి ఒక్క ముఖం చాలు. వెలుగు గాజులోకి దూరదు కనుక లోపల ఏమున్నా ఫరవాలేదు. విలియం హెర్షెల్ 1781లో యురేనస్‌ను పట్టుకున్నది ఇంట్లో సానపట్టుకున్న 6.2 అంగుళాల లోహపు అద్దంతోనే.

అంత చవకలో పని జరిగే వస్తువు చాలాకాలం స్టాండు దగ్గర ఖరీదైపోయింది. ఇనుప దూలాలు, పళ్లచక్రాలు, బరువులు. ఆ చిక్కు విప్పింది ఒక వేదాంతి. 1915లో బీజింగ్‌లో పుట్టిన జాన్ డాబ్సన్ రామకృష్ణ సంప్రదాయానికి చెందిన శాన్‌ఫ్రాన్సిస్కో వేదాంత ఆశ్రమంలో 1944లో చేరాడు. వేదాంతానికీ విజ్ఞానానికీ పొత్తు కుదర్చమని గురువు పని అప్పగిస్తే, ఆ పొత్తు వెతుక్కుంటూ ఓడ కిటికీ గాజును సానపట్టి 12 అంగుళాల అద్దం చేసేశాడు. దుర్భిణి వీధిలోకి తోసుకెళ్లి దారినపోయేవాళ్లకు చంద్రుణ్ణి చూపించడం ఆశ్రమ క్రమశిక్షణకు సరిపడలేదు. 1967లో ఆయన బయటికి రావలసివచ్చింది. ఆకాశం ఎవరి సొత్తూ కాదనుకున్న సన్యాసికి అది పెద్ద నష్టంగా తోచినట్టు లేదు. మరుసటి ఏడాదే పేవ్‌మెంటు మీద దుర్భిణులు పెట్టి చూపించే సంఘం మొదలైంది.

ఆయన స్టాండు ప్లైవుడ్ పెట్టె. పెట్టె కింద, పక్కన చిన్న టెఫ్లాన్ ముక్కలు, వాటి మీద జారే లామినేట్ పలక. మామూలుగా ఆగి ఉన్న వస్తువును కదిలించడానికి పట్టే బలం, కదిలాక నడపడానికి పట్టేదానికంటే ఎక్కువ. అందుకే చిన్న కదలిక ఇవ్వబోతే వస్తువు ఎగిరి దూకుతుంది. టెఫ్లాన్‌కు ఆ తేడా బహు తక్కువ. వేలితో తోస్తే కదులుతుంది, వేలు తీస్తే అక్కడే ఆగుతుంది. ఆ తర్వాతి కథ చకచకా నడిచింది: 1980లో అమెరికాలో కంపెనీలు ఈ రకాన్ని అమ్మడం మొదలుపెట్టాయి, తర్వాత చైనా ఫ్యాక్టరీలు బల్లమీద పెట్టుకునే చిన్నవి దించాయి, ఇప్పుడు అవి ఫోనులో ఆర్డరు పెడితే మార్టూరుకు వస్తాయి.

మిర్చి డబ్బు చేతికొచ్చిన వారం పిల్లకు టెలిస్కోపు కొనిపెట్టాలనుకున్న తండ్రికి ఫోనులో ముందు కనిపించేది మాత్రం వేరే రకం. పెట్టె మీద '525 రెట్లు' అని ఉంటుంది. అందులో అబద్ధం లేదు: 700 మిల్లీమీటర్ల నాభ్యంతరాన్ని కన్ను ఆనించే 4 మిల్లీమీటర్ల ఐపీస్‌తో భాగిస్తే 175, దాన్ని మూడు రెట్ల బార్లో కటకంతో గుణిస్తే 525. కానీ ముందున్న కటకం వెడల్పు 60 మిల్లీమీటర్లే. మిల్లీమీటరుకు రెండు రెట్లు దాటితే బొమ్మ పెద్దదవుతుంది, వివరం పెరగదు. అంటే దాని అసలు హద్దు 120. పైగా సన్నకాళ్ల స్టాండు, చేయి తగిలితే చాలు చంద్రుడు కంపించిపోతాడు. శని వలయాలకు 30 రెట్లు చాలు, స్టాండు మాత్రం కదలకూడదు.

కాబట్టి రెట్లు వదిలేసి వెడల్పు, నాభ్యంతరం, స్టాండు చూడాలి. బడ్జెట్ ఒప్పుకుంటే 114 లేదా 130 మిల్లీమీటర్ల డాబ్సన్ తరహా అన్నిటికంటే మేలు. పొట్టి గొట్టమైతే అద్దం పరావలయమా కాదా అని తప్పక అడగాలి. నాభ్యంతరం 1000 అని రాసి గొట్టం అందులో సగమే ఉంటే లోపల ఇంకో కటకం దాచారని అర్థం. చవక సరుకులో అది బొమ్మను పాడుచేసేదే ఎక్కువ. ధ్రువ నక్షత్రం వైపు వంచి వాడే ఈక్వటోరియల్ స్టాండు కూడా ఇక్కడికి నప్పదు. లండన్‌లో ధ్రువుడు 51 డిగ్రీల ఎత్తులో ఉంటే మార్టూరులో 16 డిగ్రీలే. ఇరుసు దాదాపు పడుకుంటుంది, బరువు వెళ్లి స్టాండు కాలికి తగులుతుంది. డాబ్సన్ తరహాకు సరిపడా డబ్బు లేకపోతే 10x50 బైనాక్యులర్స్ కొనడం తెలివి. మోచేతులు పిట్టగోడ మీద ఆనించి చూస్తే గురుగ్రహం నాలుగు పెద్ద చంద్రులూ దొరుకుతాయి.

అక్షాంశం తక్కువైనందుకు ఒక లాభం కూడా ఉంది. లండన్‌లో ఎన్నడూ ఉదయించని ఒమెగా సెంటారీ నక్షత్ర గుచ్ఛం మే నెల మధ్యలో రాత్రి పదింటికి ఇక్కడ దక్షిణాన 26 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. బైనాక్యులర్స్‌లో దూదిపింజలా ఉండేది 114 మిల్లీమీటర్ల అద్దంలో అంచులన్నీ పొడిపొడిగా విడిపోతుంది. హైవే దీపాలకు దూరంగా చేలగట్టు మీదికి వెళ్లాలి.

ఇక కొన్నాక జాగ్రత్త. అద్దం మీద వెలుగును తిప్పికొట్టే అల్యూమినియం పూత మందం మిల్లీమీటరులో పదివేల వంతు. గ్రానైట్ దుమ్ములో క్వార్ట్జ్ ఉంటుంది, అల్యూమినియం కంటే గట్టిది. చొక్కా అంచుతో ఒక్కసారి తుడిస్తే చాలు, షెడ్డులో ముతక నంబరు చేసే పనే జరుగుతుంది. దుమ్ము కాస్త ఉన్నా కనిపించే బొమ్మకు నష్టం లేదు, వాడనప్పుడు మూత పెడితే సరి. పెట్టెలో ఐపీస్‌కు బిగించే చిన్న నల్లటి 'సన్ ఫిల్టర్' ఉంటే పిల్లల చేతికి అందకముందే పారేయాలి. అద్దం పోగుచేసిన వేడంతా పడేచోట ఉంటుంది కనుక అది ఎప్పుడైనా పగలవచ్చు, ఆ క్షణంలో అవతల కన్ను ఉంటుంది. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందు భాగాన్ని మొత్తం కప్పే సోలార్ ఫిల్ముకు విడిగా ఖర్చు పెట్టాల్సిందే.