ట్యాంకులో సలసల.. కుళాయిలో గోరువెచ్చన!
సోలారు గొట్టాల తొడుగు చిరిగితే మళ్లీ కట్టెల పొయ్యే గతి

మదనపల్లె: మిద్దె మీద సోలారు ఉంది. రోజంతా ఎండ కాసింది. ట్యాంకులో నీళ్లు చేయి పెట్టలేనంత వేడిగా ఉన్నాయి. తెల్లవారి స్నానాల గదిలో కుళాయి తిప్పితే మాత్రం వచ్చేవి గోరువెచ్చని నీళ్లే. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు వైపు సోలారు పెట్టించుకున్నవారికి చలికాలంలో ఎదురయ్యే చిక్కు ఇది. మిషను పాడైందని మెకానిక్కు కోసం తిరిగేవారు కొందరు. విసిగిపోయి పెరట్లో అండా కింద మళ్లీ కట్టెలు పెట్టేవారు కొందరు. వేలు పోసి కొన్న సామాను మిద్దె మీద ఉండగానే, ఇంటి ఆడవాళ్లకు చీకటితో లేచి పొగలో కూర్చునే పని తప్పడం లేదు.

ఇలాంటప్పుడు ముందుగా చూడవలసింది మిషనును కాదు, గొట్టాన్ని. ట్యాంకు నుంచి కిందికి దిగే గొట్టానికి చుట్టిన నల్ల స్పాంజి తొడుగు ఎలా ఉందో మిద్దె ఎక్కి చూడాలి.

వేడి పోయేది దారిలోనే

ఎండ బాగా కాసిన రోజున సోలారులో నీరు దాదాపు 60 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. మదనపల్లె సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. ధనుర్మాసంలో ఇక్కడి చలిగాలి ఒట్టి గొట్టానికి తగిలితే వేడిని ఊడ్చుకుపోతుంది. సరైన తొడుగు ఉంటే ఈ నష్టం సగానికి పైగా తగ్గుతుంది.

సోలార్లలో రెండు రకాలున్నాయి. గాజు గొట్టాల రకంలో గొట్టాలు నేరుగా ట్యాంకులోకే దిగుతాయి కాబట్టి కిందికి వచ్చే గొట్టం ఒక్కటే చూసుకుంటే చాలు. అద్దం పలకల రకంలో పలకకు, ట్యాంకుకు మధ్య కూడా రెండు గొట్టాలుంటాయి. వీటిలో పలక పైభాగం నుంచి ట్యాంకుకు పోయే గొట్టం అన్నిటికన్నా వేడిది. అక్కడ తొడుగు లేకపోతే పగలంతా సంపాదించిన వేడి పగలే పోతుంది.

ఎండ, కోతి, వాన

స్పాంజిలో కంటికి కనబడని గాలి బుడగలుంటాయి. కదలని ఆ గాలే వేడిని ఆపుతుంది. కంబళి చేసే పనే ఇదీ చేస్తుంది. అయితే దీనికి శత్రువులు ముగ్గురు. మొదటిది ఎండ. పైన కాపు లేని స్పాంజి ఎండకు బిరుసెక్కి, బీటలు వారి, ముట్టుకుంటే పొడిగా రాలుతుంది. రెండోది కోతులు, ఉడుతలు. బీట కనబడితే చాలు, పీకి పోగులు పెడతాయి. మూడోది వాన. బీటల్లోంచి నీరు లోపలికి దిగి నిలుస్తుంది. నీరు గాలి కంటే ఇరవై రెట్లకు పైగా వేడిని దాటిస్తుంది. తడిసిన తొడుగు తడి కంబళి కప్పుకున్నట్టే. పైగా లోపల ఇనుప గొట్టమైతే ఆ తడికి తుప్పు పడుతుంది. బయటికి కనబడదు. కారేదాకా తెలియదు.

పెంకులు కప్పినట్టు కప్పాలి

తొడుగు కొత్తది వేయించడంతో పని తీరదు. తొడుగుకు కూడా ఒక తొడుగు కావాలి. అన్నిటికన్నా గట్టిది పలుచని అల్యూమినియం రేకు. ఎండకు, కోతికి, వానకు మూడింటికీ తట్టుకుంటుంది. అంత ఖర్చు పెట్టలేనివారు లావుపాటి పీవీసీ పైపును నిలువునా చీల్చి స్పాంజి మీద తొడగవచ్చు. అదీ కాకుంటే బయటి గోడలకు వేసే, నీళ్లలో కలిపే తెల్ల రంగు రెండు పూతలు వేయాలి. రంగు ఎండను ఆపుతుంది కానీ కోతిని ఆపదు. రెండు మూడేళ్లకు మళ్లీ వేయాలి.

ఏది వేసినా కొన్ని జాగ్రత్తలు ఒకటే. రేకు అతుకు ఆకాశం వైపు కాక నేల వైపు ఉండాలి. పనిని కింది నుంచి మొదలుపెట్టి పైకి పోవాలి. పెంకుటింట్లో మాదిరిగా పై ముక్క కింది ముక్క మీదికి రావాలి. అప్పుడే వాననీరు లోపలికి దిగక జారిపోతుంది. బైండింగు తీగతో బిగించి కట్టరాదు. స్పాంజి నలిగితే మందం తగ్గి పని చేయదు. వంపుల దగ్గర, వాల్వుల దగ్గర ఖాళీలు వదలరాదు. తడిసిన పాత స్పాంజి మీదే కొత్త రేకు వేస్తే తడి లోపలే ఉండిపోతుంది. పాతది తీసి, గొట్టం ఆరాకనే కొత్తది వేయాలి.

ఈ పనిలో పొరపాటున కూడా ముట్టుకోకూడనిది ఒకటుంది. ట్యాంకు దగ్గర నిటారుగా నిలబడే గాలి గొట్టం మూతిని మూయరాదు. ఆవిరి, గాలి పోయేది అందులోంచే. మూస్తే ట్యాంకుకే ముప్పు.

బిందె నీరూ లెక్కే

ఎంత మంచి తొడుగు వేసినా రాత్రంతా గొట్టంలో నిలిచిన నీరు తెల్లారేసరికి చల్లారుతుంది. ముప్పాతిక అంగుళం గొట్టం 15 మీటర్లుంటే అందులో దాదాపు 5 లీటర్ల నీరు పడుతుంది. మొదట వచ్చే ఈ చల్లనీళ్లను మోరీలోకి వదలకుండా బకెట్టులో పట్టుకుంటే అంట్లకో, చెట్లకో పనికొస్తాయి. బోర్లు ఎండే సీమలో ఇది చిన్న విషయం కాదు. తొడుగు ఉన్న ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు స్నానం చేస్తే మధ్యలో నీరు చల్లారదు. లేని ఇంట్లో ప్రతివారూ మళ్లీ చల్లనీళ్లు వదలవలసిందే.

ఏడాదికి రెండుసార్లు, ఎండలు ముదిరే ముందు ఉగాదికి, వానలు ముదిరే ముందు దసరాకు, మిద్దె ఎక్కి గొట్టం పొడవునా చేత్తో తడిమి చూసుకోవాలి. చేతికి నల్లపొడి అంటినా, నొక్కితే తడి తగిలినా ఆ ముక్క మార్చే సమయం వచ్చినట్టే. ఆ ఒక్క పూట శ్రమతో అండా కింద పొయ్యి వెలిగించే అవసరం తప్పుతుంది.