నెట్‌లో పీజీ వేట.. తొందరపడితే చేటు
ప్రకటనల కంటే ముందు అధికారిక జాబితాలు చూడాలి

అమలాపురం: డిగ్రీ చివరి ఏడాది పరీక్షలు ముగియగానే కోనసీమ విద్యార్థుల చూపు పీజీ వైపు మళ్లుతుంది. ఒకప్పుడు దరఖాస్తు కోసం రాజోలు, కొత్తపేట నుంచి గోదావరి దాటి రాజమహేంద్రవరమో, విశాఖపట్నమో వెళ్లాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ సమాచారం సెల్‌ఫోన్‌లోనే లభిస్తోంది. అయితే కోర్సు పేరుతో వెదికితే ముందుగా కనిపించేవి చాలాసార్లు డబ్బు చెల్లించి వేయించుకున్న ప్రకటనలే. వాటిలో ఫోన్ నంబరు నమోదు చేస్తే ఏజెంట్ల తాకిడి మొదలవుతుంది. వెదుకులాట ఎక్కడ ప్రారంభించాలో తెలిస్తే రెండేళ్ల కాలం, తల్లిదండ్రుల కష్టార్జితం వృథా కావు.

ముందు పరీక్ష.. తర్వాతే కళాశాల

గోదావరి జిల్లాల్లోని కళాశాలలు 2006లో ఏర్పాటైన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయ పరిధిలోకి వచ్చాయి. గతంలో ఒక్కో విశ్వవిద్యాలయం ఒక్కో ప్రవేశ పరీక్ష నిర్వహించేది. 2021లో ఎంఏ, ఎంకాం, ఎమ్మెస్సీ కోర్సులకు ఏపీ పీజీసెట్ పేరిట ఉమ్మడి పరీక్ష మొదలైంది. ఎంబీఏ, ఎంసీఏలకు ఐసెట్ ఉంది. కేంద్రీయ విశ్వవిద్యాలయాల కోసం 2022లో సీయూఈటీ పీజీ వచ్చింది. అందువల్ల ముందుగా ఉన్నత విద్యామండలి, జాతీయ పరీక్షల సంస్థ వెబ్‌సైట్లలో ప్రకటన చదవాలి. డిగ్రీలో చదివిన సబ్జెక్టుతో ఏ పీజీకి అర్హత లభిస్తుందో అందులోనే ఉంటుంది. కౌన్సెలింగ్‌లో ఆప్షన్ల వరుస కూడా ముఖ్యమే. నిజంగా చేరదలచిన కళాశాలనే మొదట పెట్టుకోవాలి.

గుర్తింపు ఉందా?

సంస్థ పేరు యూజీసీ వెబ్‌సైటులో ఉందో లేదో సరిచూసుకోవాలి. నకిలీ విశ్వవిద్యాలయాల జాబితాను కూడా యూజీసీ ప్రకటిస్తుంది. గుంటూరు, విశాఖపట్నం చిరునామాలతో ఉన్న సంస్థలు సైతం అందులో చోటుచేసుకున్నాయి. దూరవిద్యకైతే విశ్వవిద్యాలయానికి గుర్తింపు ఉంటే చాలదు. చేరబోయే ఏడాదికి, ఆ కోర్సుకు దూరవిద్యా విభాగం అనుమతి ఉండాలి. న్యాక్ గుర్తింపు ఎప్పటివరకు చెల్లుతుందో కూడా గమనించాలి.

ఫార్మింగ్టన్ నేర్పిన పాఠం

విదేశీ చదువుల్లో ఈ జాగ్రత్త మరింత అవసరం. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయానికి వెబ్‌సైటు ఉండేది. విద్యార్థి వీసాలకు అర్హమైన సంస్థల అధికారిక జాబితాలోనూ దాని పేరు కనిపించేది. తీరా చూస్తే అది వీసా అక్రమాలను పట్టుకునేందుకు అక్కడి అధికారులే సృష్టించిన బూటకపు సంస్థ. 2019 జనవరిలో తొలివిడతగా నిర్బంధించిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు. వారిలో తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్నారు. విద్యార్థులకు అన్నీ తెలుసునని అధికారులు వాదించగా, జాబితాను నమ్మే చేరామని పలువురు విద్యార్థులు పేర్కొన్నారు. అంతకుముందు 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు కూడా తెలుగు విద్యార్థులే ఎక్కువగా చిక్కుల్లో పడ్డారు.

ఫార్మింగ్టన్‌లో అధ్యాపకులు లేరు, తరగతులు జరగలేదు. జాబితాలో పేరు చూడటం తొలిమెట్టు మాత్రమేనని ఈ ఉదంతం చెబుతోంది.

విభాగాన్ని పరిశీలించాలి

ర్యాంకు చాలామటుకు సంస్థ మొత్తానికి ఇస్తారు. చదవబోయేది మాత్రం ఒక విభాగంలో. అందుకే ఆ విభాగంలో అధ్యాపకులు ఎందరు, పాఠ్యప్రణాళిక ఏమిటి, ప్రయోగశాలలు ఉన్నాయా అన్నవి వెబ్‌సైటులో చూడాలి. ప్రస్తుతం అక్కడ చదువుతున్నవారితో మాట్లాడితే తరగతులు సక్రమంగా జరుగుతున్నదీ లేనిదీ తెలుస్తుంది.

అర్హత, ఫీజు, హాస్టల్ ఖర్చు, గడువు తేదీలను ఒక కాగితంపై పక్కపక్కన రాసుకుంటే పోల్చుకోవడం సులభం. ఫీజును అధికారిక వెబ్‌సైటు ద్వారానే చెల్లించాలి. సీటు ఖాయం చేస్తామంటూ వ్యక్తిగత ఖాతాలకు సొమ్ము పంపమనేవారిని దూరంగా ఉంచాలి. దరఖాస్తు ప్రతిని, చెల్లింపు రసీదును ప్రవేశాలు ముగిసేవరకు భద్రపరచుకోవాలి.